క్రీడా ఒప్పందం, ఆటగాడి స్వేచ్ఛ

ఆటగాడు ఎవరి తరఫున ఆడాలో, ఎప్పుడు బయటికి రావచ్చో తేల్చే కట్టుబాటే క్రీడా ఒప్పందం. తెలుగునాట దీనికి బాగా తెలిసిన ఉదాహరణ 1985లో గుంటూరులో పుట్టిన క్రికెటర్ అంబటి రాయుడు.

2004 అండర్-19 ప్రపంచకప్‌లో భారత కెప్టెన్ అయిన రాయుడు, 2007లో జీ అధినేత సుభాష్ చంద్ర పెట్టిన ఇండియన్ క్రికెట్ లీగ్‌లో చేరి హైదరాబాద్ హీరోస్‌కు ఆడాడు. ఆ లీగ్‌ను గుర్తించని బీసీసీఐ, అందులో చేరినవారిని రంజీలతో సహా తన పోటీలన్నిటికీ దూరం పెట్టింది. వాళ్లు చేసిన నేరమల్లా ఒక సంతకం. 2009లో క్షమాభిక్ష దొరికింది, అదీ లీగ్‌తో తెగతెంపులు చేసుకున్నవారికే. 2013 జులైలో హరారేలో తొలి వన్డే ఆడి అజేయంగా 63 పరుగులు చేసేనాటికి రాయుడికి 27 ఏళ్లు నిండాయి.

బ్రిటన్ స్పీడ్‌వే మోటార్‌సైకిల్ పందేల్లో తీరు మరీ విచిత్రం. రైడర్ ఎవరి ఉద్యోగీ కాదు. బండి, మరమ్మతుల ఖర్చు తనదే. అయినా అతడి రిజిస్ట్రేషన్ ఒక క్లబ్బు ఆస్తి. మరో జట్టుకు ఆడాలంటే ఆ క్లబ్బుకు రుసుము ముట్టాలి. బ్రేకుల్లేని 500 సీసీ బండి మీద ఒళ్లు పణం పెట్టేది మాత్రం అతడే.

ఐపీఎల్ వేలంలో ఆటగాడు కనీస ధర చెప్పగలడు, జట్టును కోరుకోలేడు. రాయుడిని చెన్నై 2018లో 2.20 కోట్లకు, 2022లో 6.75 కోట్లకు కొంది. 2023 ఫైనల్‌తో అతడు ఐపీఎల్‌కు వీడ్కోలు పలికాడు.