నముగొంగో బాలవీరుడు కిజిటో

నమ్మిన ధర్మము కొరకు ప్రాణము విడిచినవారిని తలచునప్పుడు, లోకమును చూచి, మంచిచెడ్డలు విచారించి తెగించిన పెద్దలే మన మనస్సున మెదలుదురు. కాని 1886వ సంవత్సరమున, ఆఫ్రికాలోని విక్టోరియా సరస్సు ప్రాంతమున అసువులు బాసిన కిజిటోకు అప్పటికి సుమారు 14 ఏండ్లు. ఆ బాలుని కథ తెలియవలెనన్న మనము ముందుగా ఆ రాజ్యస్థితిని కొంత తెలిసికొనవలెను.

నేటి ఉగాండా దేశమున బుగాండా అను ప్రాచీన రాజ్యము కలదు. దాని రాజును కబాకా అందురు. కబాకా ముటేసా కాలమున, 1877లో ఆంగ్లికన్ మిషనరీలును, 1879లో కాథలిక్ ఫాదరీలును అచటికి వచ్చిరి. అరబ్బు వర్తకుల మూలమున ఇస్లాము అంతకు మునుపే చేరియుండెను. తమ బిడ్డలను చిన్నతనముననే రాజుకొలువునకు పంపుట అచటి పెద్దకుటుంబముల ఆచారము. నేటి పరిచారకుడే రేపటి అధికారి. ఆ పిల్లలు మిషనరీల వద్ద అక్షరములతోపాటు క్రొత్త మతమును నేర్చిరి.

1884లో ముటేసా మరణింపగా ఆయన కుమారుడు మ్వాంగా పిన్నవయస్సుననే రాజయ్యెను. తూర్పు తీరమున జర్మనులు కాలూనుచున్న దినములవి. విదేశీయులు తన రాజ్యమును కబళింతురని యువరాజు భయపడెను. 1885 అక్టోబరులో తూర్పుదారిని వచ్చుచున్న ఆంగ్లికన్ బిషప్పు హానింగ్టన్ రాజాజ్ఞచే చంపబడెను. ఇది తగదని మందలించిన కొలువు ఉద్యోగి జోసెఫ్ ముకాసా నవంబరు 15న బలియయ్యెను. పిమ్మట పిల్లలకు అండగా నిలిచినవాడు చార్లెస్ ల్వాంగా. రాజు అనుచిత వాంఛలనుండి బాలురను కాపాడు భారము ఆయనపై పడెను. ఆ బాలురలో కిజిటో ఒకడు.

1886 మే 25న మున్యోన్యోలోని విడిదియందు రాజాగ్రహము పెల్లుబికెను. మతబోధ చేసెనను నేరమునకు ఒక పరిచారకుడు ఈటెపోటునకు గురియయ్యెను. తెల్లవారిన ఏమగునో ఎరిగిన ల్వాంగా, ఆ రాత్రియే కిజిటోకును మరికొందరికిని జ్ఞానస్నానమిచ్చెను. మరునాడు క్రైస్తవులు వేరుగా నిలువవలెనని ఆజ్ఞ కాగా, ఆ బాలురు వెనుదీయలేదు. తనకు భయము కలిగినచో చేయి పట్టుకొమ్మని కిజిటో ల్వాంగాను వేడుకొనెనని సంప్రదాయము చెప్పుచున్నది. భయమెరుగనివాడు కాడు, భయముండియు నిలిచినవాడు. మనకు ఆ బాలుడు ఆప్తుడగుట ఇందువలననే.

వారిని బంధించి నముగొంగోకు నడిపించిరి. చితులకు కట్టెలు సమకూర్చుటకే కొన్ని దినములు పట్టెను. తలారుల పెద్దకు బంధువైన మ్బాగా అను యువకుని మనస్సు మార్చుటకు ఇంటివారెంత బ్రతిమాలినను అతడు అంగీకరింపలేదు. జూన్ 3న వారిని రెల్లుచాపలలో చుట్టి దహించిరి. కాథలిక్కులును ఆంగ్లికన్లును ఆ మంటలయందు కలిసియే మరణించిరి.

రాజు భయము నిరాధారమా? కాదనియే చరిత్ర చెప్పుచున్నది. 1894లో బుగాండా బ్రిటిషువారి రక్షితరాజ్యమయ్యెను. కాని ఆ విపత్తును తెచ్చినవారు ఈ పిల్లలు కారు. వారు కత్తి పట్టలేదు, కుట్ర పన్నలేదు. రాజుకొలువును వీడక, అంతరాత్మపై మాత్రము రాజునకు హక్కు లేదనిరి. పరాయివారిపై గల భయమును తన బిడ్డలపై తీర్చుకొనిన ప్రభువు రాజ్యమును నిలుపుకొనలేకపోయెను. మ్వాంగా పదవీచ్యుతుడై, సీషెల్స్ దీవులకు పంపబడి, 1903లో అచటనే మరణించెను. ఆనాటికి అతడును క్రైస్తవుడై, డేనియల్ అను పేరు దాల్చియుండుట విధి వైపరీత్యము.

1920లో ధన్యులుగా ప్రకటింపబడిన 22 మంది కాథలిక్ హతసాక్షులకు 1964 అక్టోబరు 18న ఆరవ పాల్ పోపు పునీతపదవి నొసగెను. ఆంగ్లికన్ హతులను కూడ ఆయన ఆనాడు స్మరించెను. ఏటేట జూన్ 3న యాత్రికులు, అనేకులు కాలినడకననే, నముగొంగో చేరుదురు. ఒకనాడు బంధితులై బాలురు నడచిన ఆ ఊరికి నేడు జనులు స్వేచ్ఛగా నడచిపోవుచున్నారు.