లాలూచీ కుస్తీ: బోధన్ చక్కెర ఫ్యాక్టరీ ఎవరి నిర్ణయాలతో లేచింది, ఎవరి నిర్ణయాలతో పడింది

మూతపడిన ప్రతి ఫ్యాక్టరీని గురించీ మనకు ఒకే కథ చెబుతారు. నష్టాలు వచ్చాయి, యంత్రాలు పాతబడ్డాయి, పోటీ పెరిగింది, చివరకు మూతపడింది. ఈ కథలో క్రియలున్నాయి గాని కర్త లేడు. కరువు వచ్చినట్టే నష్టం వచ్చిందంటారు, పొద్దు గుంకినట్టే ఫ్యాక్టరీ మూతపడిందంటారు. బోధన్ శక్కర్‌నగర్‌లోని నిజాం చక్కెర ఫ్యాక్టరీని గురించి పత్రికలలోనూ శాసనసభలోనూ మనం విన్నది చాలావరకు ఈ కర్తలేని కథే. ఆ వాక్యాలకు కర్తలను వెతకడమే ఈ వ్యాసంలో నేను చేయదలచిన పని.

బోధన్, బాన్సువాడ ప్రాంతాల జాతరలలో కుస్తీ పోటీలు జరుగుతాయి. కొబ్బరికాయ పందెంతో మొదలై వెండి కడెంతో ముగుస్తాయి. ఎవరి వీపు మట్టికి తగిలిందో ఊరంతా చూస్తుంది. తీర్పు గోదాలోనే తేలుతుంది. పట్టుకు ముందే, గోదా బయట, గెలుపోటములు కుదుర్చుకుంటే దానిని మనవాళ్ళు లాలూచీ కుస్తీ అంటారు. బోధన్ ఫ్యాక్టరీ మార్కెట్ అనే గోదాలో ఓడిందని మనకు చెప్పారు. ఆ ఓటమి గోదాలో తేలినది కాదని నా వాదన. నలుగురు కూర్చుని కుట్ర పన్నారని దీని అర్థం కాదు. నీరు, భూమి, పెట్టుబడి, వాటాలు, వీటిపై తీర్మానాలు చేసిన గదులు వేరు. ఆ తీర్మానాల ఫలితం అనుభవించిన పొలాలు వేరు. నేను చెప్పేది ఆ ఎడాన్ని గురించి.

ఈ మాటను స్పష్టం చేయడానికి కుస్తీనే సరుకుగా మార్చిన ఒక అమెరికన్ కంపెనీని చూద్దాం. అక్కడి వృత్తి కుస్తీలో గెలుపోటములు ముందే రాసుకుంటారు. అది బహిరంగ రహస్యం. అటువంటి వ్యాపారంలో యాజమాన్యపు నిర్ణయాలు ముసుగు లేకుండా కనబడతాయి. టెలివిజన్ యజమాని టెడ్ టర్నర్ 1988లో జిమ్ క్రాకెట్ కుటుంబపు కుస్తీ సంస్థను కొన్నాడు. అదే వరల్డ్ ఛాంపియన్‌షిప్ రెజ్లింగ్. 1995 సెప్టెంబరులో, ఎరిక్ బిషాఫ్ నిర్వహణలో, ప్రత్యర్థి కంపెనీ ప్రసారం చేసే సోమవారం రాత్రి సమయాన్నే తానూ తీసుకున్నది. 1996 నడిమి నుంచి 1998 వసంతం దాకా, ఏడాదిన్నరకు పైగా, ప్రేక్షకుల లెక్కలో ప్రత్యర్థిని వెనక్కు నెట్టింది. ఈ విజయానికి మల్లుల కండబలం కన్నా ముఖ్యమైనది యజమాని చేతిలో సొంత టెలివిజన్ వుండడం.

పతనం కూడా అదే చోట మొదలైంది. పేరుపొందిన పాతవారికి పెద్ద మొత్తాల హామీ ఒప్పందాలు రాసిచ్చారు. కొందరికి తమ పాత్ర ఎలా నడవాలో తామే చెప్పే హక్కు కూడా ఇచ్చారు. వాళ్ళు పైమెట్టు వదలలేదు, కొత్తవారు ఎదగలేదు. కొత్త విత్తనం వేయకుండా ఏటేటా కార్శి తోటనే నరికే రైతుకు దిగుబడి ఎలా తగ్గుతుందో అలాగే జరిగింది. ఇంతలో 1996లో టర్నర్ సంస్థలు టైమ్ వార్నర్‌లో కలిశాయి, 2001 జనవరిలో అది ఏ.ఓ.ఎల్.తో కలిసింది. కుస్తీని ఇష్టపడిన యజమాని మాట చెల్లని స్థితి వచ్చింది. కంపెనీని కొనడానికి బిషాఫ్ బృందం సిద్ధపడింది. కాని టర్నర్ ఛానళ్ళ కొత్త అధికారి జేమీ కెల్నర్ కుస్తీ ప్రసారాలను రద్దుచేశాడు. ప్రసార సమయం లేని కుస్తీ కంపెనీని కొని ఏం చేసుకోవాలి? బేరం చెడింది. 2001 మార్చిలో అది ప్రత్యర్థికే స్వల్ప ధరకు పోయింది. మల్లులను ఉద్యోగులుగా కాక విడి కాంట్రాక్టర్లుగా లెక్కించే ఆ వ్యాపారంలో యూనియన్ లేదు. అడిగేవాడే లేడు.

నష్టాలు అబద్ధం కాదని గుర్తించాలి. ఆ కంపెనీ నిజంగానే భారీ నష్టంలో వున్నది. కాని దాని ప్రాణాధారాన్ని తెంచింది నష్టం కాదు, ఒక తీర్మానం. కుస్తీ కంపెనీకి ప్రసార సమయం ఎటువంటిదో చక్కెర ఫ్యాక్టరీకి చెరకు అటువంటిది. ఈ పోలిక పట్టుకుని బోధన్ వద్దాం.

బోధన్ ఫ్యాక్టరీ పుట్టుకలో మొదటి నిర్ణయం చక్కెరది కాదు, నీటిది. మంజీర మీద నిజాంసాగర్ ఆనకట్ట పని 1923లో మొదలై 1931లో పూర్తయింది. ఇంజనీరు నవాబ్ అలీ నవాజ్ జంగ్. 2,75,000 ఎకరాలకు నీరివ్వడం దాని లక్ష్యం. రెండవది పెట్టుబడి. హైదరాబాద్ ప్రభుత్వం 1929లో పారిశ్రామిక ట్రస్టు నిధిని ఏర్పరిచి కొత్త పరిశ్రమలలో ప్రభుత్వ ధనం పెట్టసాగింది. 1937లో చక్కెర ఫ్యాక్టరీ కంపెనీగా నమోదైంది. మూడవది, అన్నిటికన్నా ముఖ్యమైనది, భూమి. ఫ్యాక్టరీకి వేల ఎకరాల సొంత చెరకు తోటలున్నాయి, తోటల నుంచి గానుగకు చెరకు చేర్చే చిన్న రైలుపట్టాలున్నాయి. కొట్టిన చెరకును గంటల లెక్కన గానుగ ఆడకపోతే దానిలోని చక్కెర తగ్గిపోతుంది. సొంత తోట, సొంత పట్టాలు వున్న ఫ్యాక్టరీకి ఆ భయం తక్కువ. ఆసియాలోని పెద్ద చక్కెర ఫ్యాక్టరీలలో ఒకటిగా దానికి పేరు రావడానికి పునాది ఇదే.

ఇదంతా నిజాం నవాబు దయాగుణమని పొగిడేవారు ఈనాటికీ వున్నారు. ఆ పొగడ్త చరిత్ర కాదు. గ్రామాలలో వెట్టి సాగుతున్న రోజులలోనే ఆనకట్టా ఫ్యాక్టరీ లేచాయి. వాటికి ధనం రైతు కట్టిన శిస్తు నుంచి వచ్చింది, శ్రమ కూలీ చేతుల నుంచి వచ్చింది. నీరు వచ్చాక కోస్తా జిల్లాల నుంచి రైతులు తరలివచ్చి స్థిరపడ్డారు. క్యాంపులనే పేరుతో ఆ పల్లెలు ఇప్పటికీ వున్నాయి. నేను చెప్పదలచినది ఒక్కటే: నీరు, పెట్టుబడి, తోట, గానుగ అనే నాలుగింటినీ ఒకే ప్రణాళికలో కలిపి నిర్ణయించినందువల్ల ఫ్యాక్టరీ లేచింది. ఆ నాలుగింటినీ విడదీసి ఒక్కొక్కటిగా నిర్ణయించినందువల్ల పడింది.

నీరు చూడండి. నిజాంసాగర్‌లో పూడిక పేరుకుని నిల్వ శక్తి బాగా తగ్గింది. దానికి ఎగువన అదే మంజీర మీద సింగూరు ప్రాజెక్టు కట్టి హైదరాబాద్ నగరానికి తాగునీరు తరలించారు. నగరానికి నీళ్ళు వద్దని ఎవరూ అనరు. కాని ఆ నిర్ణయం జరిగినప్పుడు కింది ఆయకట్టులో పన్నెండు నెలల చెరకు ఎలా బతుకుతుంది, దానిమీద ఆధారపడిన ఫ్యాక్టరీకి బదులు ఏర్పాటు ఏమిటి అన్న ప్రశ్న నీటి లెక్కలో భాగం కాలేదు. నీరు అనుమానమైన చోట రైతు ఏడాది పంట మాని వరికో పసుపుకో మారడం సహజం.

భూమి చూడండి. సొంత తోటల భూములు క్రమంగా ఫ్యాక్టరీ చేతి నుంచి జారిపోయాయి. భూమి లేనివారికి పంచితే దానిని మనం సమర్థించాలి. కాని తోట పోయిన ఫ్యాక్టరీకి రైతుతో కొత్త పొత్తు కావాలి. సకాలంలో చెరకు బాకీ చెల్లించాలి, విత్తనం ఇవ్వాలి, కొట్టుడు ఉత్తర్వులు న్యాయంగా వేయాలి. రుద్రూరులో చెరకు పరిశోధనా కేంద్రం కూతవేటు దూరంలోనే వున్నది. కావలసిన విద్య దగ్గరే వున్నది, పొత్తు కుదిర్చే అధికారం మాత్రం శక్కర్‌నగర్‌లో లేదు. జహీరాబాద్, మెట్‌పల్లి, మెదక్ వంటి చోట్ల యూనిట్లతో ఒకే కంపెనీ నడిచింది. బోర్డు హైదరాబాద్‌లో వుండేది.

ఆ తరువాత గోదా నియమాలే మారాయి. 1998 ఆగస్టులో కేంద్ర ప్రభుత్వం చక్కెర పరిశ్రమకు లైసెన్సు అవసరాన్ని తొలగించింది. అదే కాలంలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ప్రపంచ బ్యాంకు రుణాల షరతులతో ప్రభుత్వ సంస్థలను వదిలించుకునే కార్యక్రమం చేపట్టింది. దాని కోసం ఏర్పడిన ఇంప్లిమెంటేషన్ సెక్రటేరియట్‌కు ధనం బ్రిటిష్ ప్రభుత్వపు సహాయ శాఖ నుంచి వచ్చింది, సలహా ఆడమ్ స్మిత్ పేరు పెట్టుకున్న లండన్ సంస్థ నుంచి వచ్చింది. అమ్మడమే లక్ష్యంగా నియమితులైన సలహాదారులను ఈ ఫ్యాక్టరీని ఎలా బతికించాలని అడిగేవారు ఎవరు? కుస్తీ ఫలితం ముందే రాసుకోవడమంటే ఇదే.

2002లో శక్కర్‌నగర్, ముత్యంపేట, మంబోజిపల్లి యూనిట్లు నిజాం దక్కన్ షుగర్స్ అనే ఉమ్మడి కంపెనీలోకి వెళ్ళాయి. ప్రైవేటు పక్షానికి నూటికి 51 వాటాలు, ప్రభుత్వానికి 49. ఈ రెండు అంకెలు విద్యార్థులు గుర్తుంచుకోవాలి. సొమ్ము లెక్కలో తేడా నూటికి రెండు పాళ్ళే. అధికారం లెక్కలో తేడా నూటికి నూరు. ఎప్పుడు గానుగ ఆడాలి, ఎంత అప్పు తేవాలి, ఎప్పుడు తాళం వేయాలి అనేది 51 చెబుతుంది. 49 సంతకం చేస్తుంది. 2004లో ప్రభుత్వం మారాక శాసనసభా సంఘం ఏర్పడి ఈ అమ్మకాన్ని విచారించి తప్పుపట్టింది. అయినా వాటాలు మారలేదు. విచారణ చేసే హక్కు సభకు వున్నది, నిర్ణయం మార్చే పట్టుదల మంత్రివర్గానికి లేదు.

తెలంగాణ రాష్ట్రం ఏర్పడ్డాక ఫ్యాక్టరీని స్వాధీనం చేసుకుంటామన్నారు. 2015లో ప్రైవేటు వాటా తీసుకుని రైతుల సహకార సంఘానికి అప్పగించే ఆలోచనతో ఉత్తర్వు వెలువడింది. నీరు తగ్గి, తోట పోయి, అప్పులు పేరుకున్న తరువాత రైతును పిలిచి నువ్వే యజమానివి అన్నారు. రైతులు ముందుకు రాలేదు. వారిని పిరికివారనడం అన్యాయం. నిర్ణయాలలో భాగం ఇవ్వనివారికి అప్పులలో భాగం ఇవ్వజూపితే ఎవరు తీసుకుంటారు? 2015 డిసెంబరు 23న మూడు యూనిట్లలోనూ లేఆఫ్ ప్రకటించారు. వ్యవహారం దివాలా చట్టం కిందికి వెళ్ళింది. 2019 జూన్‌లో కంపెనీ లా ట్రిబ్యునల్ ఆస్తుల విక్రయానికి ఆదేశమిచ్చింది. ఆ చట్టంలో బాకీల చెల్లింపుకు ఒక వరుస వున్నది. విక్రయ ప్రక్రియ ఖర్చుల తరువాత, హామీ వున్న బ్యాంకులతో సమానంగా, కార్మికుడి చివరి 24 నెలల బాకీ వస్తుంది. అంతకు ముందరి బాకీకి ఆ స్థానం లేదు. చెరకు తోలిన రైతు ఇంకా కింద నిలబడతాడు.

ఇక్కడ మన ఉద్యమాలు కూడా ఒక ప్రశ్న వేసుకోవాలి. అమెరికన్ మల్లులకు లేని యూనియన్ బోధన్ కార్మికులకు వున్నది. రైతు సంఘాలున్నాయి. అయినా ఫలితం ఎందుకు మారలేదు? మన పోరాటాలు చాలావరకు జీతం, బోనస్, టన్ను చెరకు ధర చుట్టూ తిరిగాయి. అవి అవసరమైన పోరాటాలు. కాని సింగూరు నీరు, తోటల భూమి, యంత్రాల నవీకరణ, 51 వాటా మీద తీర్మానాలు జరుగుతున్నప్పుడు మనం తలుపు బయట వున్నాం, తీర్మానం అయిపోయాక ధర్నాకు కూర్చున్నాం. పంచుకునే వాటా కోసం పోరాడి, నిర్ణయించే అధికారాన్ని యాజమాన్యపు సహజ హక్కుగా వదిలేశాం.

సహకార సంఘం అనే పేరు ఒక్కటే మందు కాదనడానికి జిల్లాలోనే సాక్ష్యం వున్నది. పేరుకు రైతులే యజమానులైన సారంగపూర్ సహకార చక్కెర ఫ్యాక్టరీ కూడా మూతపడింది. కాబట్టి అడగవలసిన ప్రశ్న ప్రభుత్వమా, ప్రైవేటా, సహకారమా అన్నంత మాత్రాన తీరదు. నీటి విడుదల ప్రణాళికలో చెరకు రైతుకు ఓటు వున్నదా? అప్పు తెచ్చే ముందు లెక్కల పుస్తకం కార్మిక సంఘం చూడగలదా? తాళం వేసే తీర్మానానికి ఇద్దరి సమ్మతీ తప్పనిసరా?

2023 చివర వచ్చిన కొత్త రాష్ట్ర ప్రభుత్వం 2024 జనవరిలో ఫ్యాక్టరీ పునరుద్ధరణపై ఒక కమిటీని నియమించింది, ఆ తరువాత బ్యాంకుల బాకీ తీర్చడానికి కొంత సొమ్ము కట్టింది. ఆ ప్రయత్నాన్ని నేను ఆహ్వానిస్తాను. కాని చిమ్నీలో పొగ రావడమే విజయమని అనుకోకూడదు. పాత బోర్డు బల్ల మీద కొత్త గుడ్డ పరిస్తే, పది సంవత్సరాల తరువాత మళ్ళీ ఎవరో ఒకరు కర్తలేని వాక్యంలో నష్టం వచ్చిందని రాస్తారు. ఆ బల్ల దగ్గర చెరకు నరికే చేతికీ, పాకం కాచే చేతికీ లేవదీయరాని కుర్చీ సంపాదించడం ఇప్పుడు బోధన్ ముందున్న అసలు పోరాటం.