160 అక్షరాల్లో బాల్యం

మీ చిన్నతనం మొత్తాన్ని 160 అక్షరాల్లో రాయమంటే ఏం రాస్తారు? పాత ఫోన్లలో ఒక ఎస్సెమ్మెస్ సైజు అది, అంతే.

2010లో యాస్మింకో హలిలోవిచ్ అనే కుర్రాడు ఆన్‌లైన్‌లో ఇదే అడిగాడు. యుద్ధంలో మీ బాల్యం ఎలా గడిచింది, 160 అక్షరాల్లో చెప్పండి అని. అతనిది బోస్నియా రాజధాని సరాయెవో. 1992 ఏప్రిల్‌లో బోస్నియా సెర్బుల సైన్యం ఆ ఊరిని చుట్టుముట్టేసరికి అతనికి నాలుగేళ్లు. ముట్టడి 1425 రోజులు సాగింది. చుట్టూ కొండలు, కొండల మీద ఫిరంగులు, స్నైపర్లు. కరెంటు లేదు, నీళ్లకి క్యూ. పిల్లలు సెల్లార్లలో పెరిగారు.

వెయ్యికి పైగా జవాబులొచ్చాయి. 2013లో అవన్నీ పుస్తకమయ్యాయి. రాసినవాళ్లలో చాలామంది అప్పటి వస్తువులు ఇంకా దాచుకున్నారని తెలిసి, 2017 జనవరిలో వార్ చైల్డ్‌హుడ్ మ్యూజియం తెరిచాడు.

యుద్ధ మ్యూజియం అనగానే మనకు తుపాకులు, ట్యాంకులు గుర్తొస్తాయి కదా. ఇక్కడ ఒకమ్మాయి బ్యాలే చెప్పులుంటాయి. సహాయంగా వచ్చిన తిండి ప్యాకెట్ల రేపర్లుంటాయి. మనం చిన్నప్పుడు అగ్గిపెట్టెల బొమ్మలు పోగేసుకున్నట్టు, వాళ్లు అవి పోగేసుకున్నారు. ప్రతి వస్తువు పక్కనా దాని యజమాని సొంత మాటల్లో నాలుగు లైన్లు. రక్తం ఎక్కడా కనపడదు.

హిరోషిమా మ్యూజియం ఈ దారికి మెల్లగా వచ్చింది. ఒకప్పుడు అక్కడ కాలిపోయిన మనుషుల బొమ్మలుండేవి, వాటిలో పిల్లాడి బొమ్మ కూడా. 2017లో తీసేశారు. భయం తగ్గిస్తే నిజం తగ్గుతుందని కొందరు అభ్యంతరం చెప్పారు. కానీ అక్కడే ఒక మూడు చక్రాల సైకిలుంది. నిండా నాలుగేళ్లు లేని బాబుది. తండ్రి వాడితో పాటే దాన్నీ పెరట్లో పూడ్చాడు. 1985లో తవ్వి తీసి మ్యూజియానికిచ్చాడు. దాని ముందు నిలబడితే బొమ్మలు అక్కర్లేదనిపిస్తుంది, నా మటుకు నాకు.

సరాయెవో విషయంలో మాత్రం ఒక సందేహం. అక్కడ ఏ పిల్లాడు ఏ జాతి అన్నది ముందుకు తేరు. బోస్నియాలో కొన్ని చోట్ల ఇప్పటికీ ఒకే బడి కప్పు కింద రెండు జాతుల పిల్లలు విడివిడిగా చదువుతున్నారు, కాబట్టి ఎందుకో అర్థమవుతుంది. మరి కాల్చిందెవరు? ఆ ముట్టడికి గాను జనరల్ స్తానిస్లావ్ గాలిచ్‌కి హేగ్ కోర్టు 2006లో జీవితఖైదు విధించింది. చెప్పులు చూసి కళ్లు తుడుచుకున్న పిల్లలకి ఈ సంగతి కూడా ఎవరో ఒకరు చెప్పాలి. అది టీచర్ల పని అంటాను నేను.

తర్వాత ఈ మ్యూజియం ఉక్రెయిన్ పిల్లల వస్తువులూ సేకరించింది. సరాయెవో వాళ్లు పెద్దయ్యాక ఇచ్చారు. ఉక్రెయిన్‌లో ఇచ్చేనాటికి యుద్ధం ఇంకా నడుస్తూనే ఉంది.