ఎలిజా ప్రభావం

కంప్యూటరు ప్రోగ్రాము ఇచ్చే సమాధానాలలో నిజానికి లేని అవగాహనను, సానుభూతిని మనుషులు ఊహించుకొని, దానితో సాటి మనిషితో వలె వ్యవహరించడాన్ని ఎలిజా ప్రభావం అంటారు. 1960లలో తయారైన ఎలిజా అనే సంభాషణా ప్రోగ్రాము వలన దీనికి ఈ పేరు వచ్చింది. మనోవిశ్లేషణ శాస్త్రంలో చెప్పే భావ బదిలీకి (ట్రాన్స్‌ఫరెన్స్) దీనితో దగ్గరి పోలిక ఉంది.

ఎలిజా ప్రోగ్రాము

అమెరికాలోని మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో జోసెఫ్ వైజెన్‌బామ్ (1923 - 2008) ఎలిజాను రూపొందించి, 1966లో దాని వివరాలను ప్రచురించాడు. బెర్నార్డ్ షా నాటకం "పిగ్మేలియన్"లోని ఎలిజా డూలిటిల్ పాత్ర పేరును దీనికి పెట్టాడు. ఇందులో ప్రసిద్ధి చెందిన "డాక్టర్" అనే భాగం, కార్ల్ రోజర్స్ పద్ధతిని పాటించే మానసిక చికిత్సకుని అనుకరిస్తుంది. ఎదుటివారు టైపు చేసిన వాక్యంలో కొన్ని పదాలను గుర్తించి, ఆ వాక్యాన్నే ప్రశ్నగా మార్చి తిరిగి అడగడం దీని పని. ఉదాహరణకు "నాకు దిగులుగా ఉంది" అంటే "మీకు ఎంతకాలంగా దిగులుగా ఉంది?" అన్న తీరులో స్పందిస్తుంది. దిగులు అంటే ఏమిటో దానికి తెలియదు. రోజర్స్ పద్ధతిలో చికిత్సకుడు తక్కువ మాట్లాడి ఎక్కువ వింటాడు కనుక ఈ లోపం బయటపడేది కాదు.

భావ బదిలీతో పోలిక

తల్లిదండ్రులు మొదలైన ఆత్మీయుల పట్ల పూర్వం ఏర్పడిన ప్రేమ, కోపం, భయం వంటి భావాలను రోగి తనకు తెలియకుండానే వైద్యునిపైకి మళ్ళించడాన్ని సిగ్మండ్ ఫ్రాయిడ్ భావ బదిలీ అన్నాడు. దీనిని సకాలంలో గుర్తించలేకపోవడం వల్లనే డోరా అనే మారుపేరు గల రోగి చికిత్స మధ్యలో ఆగిపోయిందని 1905లో వ్రాశాడు. వైద్యుడు తన సంగతులు చెప్పకుండా మౌనంగా ఉండడం ఈ బదిలీకి తావిస్తుంది. ముఖం గానీ, గతం గానీ లేని యంత్రం ఇంకా ఎక్కువ తావిస్తుంది.

అయితే ముఖ్యమైన భేదం ఒకటి ఉంది. శిక్షణ పొందిన చికిత్సకుడు భావ బదిలీని గమనించి, దానిని రోగికి తెలియజెప్పి, చికిత్సకు ఉపయోగిస్తాడు. తనలో కలిగే ప్రతిస్పందనలను కూడా కనిపెట్టుకొని ఉంటాడు. చాట్‌బాట్‌తో సంభాషణలో ఈ బాధ్యత వహించే మనిషి ఉండడు. పైగా నేటి చాట్‌బాట్లకు మనుషులు మెచ్చే సమాధానాలు ఇచ్చేటట్లు శిక్షణ ఇస్తారు. అందువలన అవి వాడుకరి మాటకు వంతపాడే ధోరణి చూపుతాయి. అప్పుడు భావం పరిశీలనకు రాకుండా మరింత బలపడే అవకాశం ఉంది.

వైజెన్‌బామ్ విమర్శ

ఎలిజా తయారీని నెలల తరబడి చూసిన వైజెన్‌బామ్ కార్యదర్శి సైతం, దానితో కొన్ని మాటలు జరిపిన తరువాత ఆయనను గది నుండి బయటకు వెళ్ళమని కోరింది. అది ప్రోగ్రాము మాత్రమేనని తెలిసినా ఆమెకు ఏకాంతం అవసరమనిపించింది. 1966లోనే కెన్నెత్ కోల్బీ తదితర మనోవైద్యులు ఇటువంటి యంత్రంతో గంటకు కొన్ని వందల మందికి చికిత్స చేయవచ్చని సూచించారు. దీనితో కలత చెందిన వైజెన్‌బామ్ 1976లో "కంప్యూటర్ పవర్ అండ్ హ్యూమన్ రీజన్" అనే పుస్తకం వ్రాశాడు. ఎదుటివారి బాధను అర్థం చేసుకోవలసిన పనులను, యంత్రం చేయగలిగినా సరే, దానికి అప్పగించరాదని వాదించాడు.

ఇటీవలి పరిణామాలు

2017లో తోడుగా ఉండే చాట్‌బాట్‌గా రెప్లికా విడుదలయింది. 2023 ఫిబ్రవరిలో దాని ప్రణయ సంభాషణలను సంస్థ తొలగించినపుడు, ఆప్తులను కోల్పోయినట్లు పలువురు దుఃఖించారు. 2025 ఆగస్టులో ఓపెన్ఏఐ సంస్థ చాట్‌జీపీటీ నుండి జీపీటీ-4ఓను తొలగించగా, వాడుకరుల నిరసనతో కొద్ది రోజులలోనే చందాదారులకు దానిని పునరుద్ధరించింది. యంత్రంలో భావాలు ఉన్నాయా అన్నది ఎలా ఉన్నా, వాడుకరిలో కలిగే అనుబంధం నిజమైనదేనని, దాని కొనసాగింపు ఒక సంస్థ నిర్ణయంపై ఆధారపడి ఉందని ఈ సంఘటనలు తెలుపుతున్నాయి.