కత్తికి ముందు ఫాస్ఫేట్

ఆపరేషన్ల విషయంలో హైదరాబాద్‌కు పాత పేరుంది. రెసిడెన్సీ సర్జన్ ఎడ్వర్డ్ లారీ 1888, 1889లో ఇక్కడ మత్తుమందు క్లోరోఫాంను పరీక్షించే రెండు కమిషన్లు నడిపించాడు. 1908 మూసీ వరద తర్వాత, మీర్ ఉస్మాన్ అలీఖాన్ హయాంలో ఏటి ఒడ్డున ఉస్మానియా ఆస్పత్రి లేచింది. ఇంత పేరున్న ఊళ్లోనూ కత్తి ఒక్కదానికే లొంగని జబ్బొకటి చూశాను. శాలిబండ దగ్గర ల్యాబులో పనిచేసినవాణ్ణి కనుక, దాన్ని రక్తం వైపు నుంచి చూశాను.

ఆ జబ్బులో తుంటి, మోచెయ్యి, భుజం దగ్గర గట్టి సున్నపు గడ్డలు లేస్తాయి. ఫ్రాన్సు వైద్యులు 1898, 99లలోనే దీని గురించి రాశారు. 1943లో క్యూబా సర్జన్ ఇంక్లాన్ దీన్ని ట్యూమరల్ కాల్సినోసిస్ అన్నాడు. కోసి తీసేస్తే మళ్లీ లేస్తాయి. వంశపారంపర్యంగా వచ్చే రకంలో మూలం రక్తంలో పేరుకున్న ఫాస్ఫేట్.

ఆ ఫాస్ఫేట్‌ను కొలిచే పేరున్న పద్ధతిని తెచ్చినవాళ్లలో ఒకడు మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. హార్వర్డ్‌లో జీవరసాయన శాస్త్రవేత్త ఫిస్కేతో కలిసి 1925లో ఆ పద్ధతి ప్రచురించాడు. మా చేతులతో చేసిందీ అదే. సీరంలో ట్రైక్లోరోఎసిటిక్ ఆమ్లం పోస్తే ప్రొటీన్లు పాలు విరిగినట్టు తెల్లగా విడిపోతాయి. వడకట్టి, మాలిబ్డేట్ కలిపి, దానిమీద ఆమైనో నాఫ్తాల్ సల్ఫోనిక్ ఆమ్లం వేస్తే కాసేపట్లో నీలం వస్తుంది. నీలం ఎంత ముదిరితే ఫాస్ఫేట్ అంత ఎక్కువ. ఈనాటి మెషీన్లలోనూ మాలిబ్డేట్ మాత్రం పోలేదు.

ఒక తల్లి కొడుకును తీసుకొచ్చింది. మోచేతి గడ్డ తీయించినా మళ్లీ వచ్చిందట. ఫాస్ఫేట్ డెసిలీటరుకు ఎనిమిది మిల్లీగ్రాములు దాటింది. పెద్దవాళ్లకు నాలుగున్నర దాకా, పిల్లలకు ఇంకాస్త ఎక్కువ ఉండొచ్చు గానీ ఎనిమిది ఎక్కడిది? శాంపిల్‌లో రక్తకణాలు పగిలి హీమోలైజ్ అయితే దొంగ రీడింగ్ వస్తుంది కాబట్టి రక్తం మళ్లీ తీశాం. అదే అంకె. క్రియాటినిన్ మామూలే. అంటే కిడ్నీ చెడిపోలేదు, ఫాస్ఫేట్‌ను బయటికి పంపమనే కబురు దానికి అందడం లేదు.

ఆ కబురు మోసే హార్మోన్ ఎఫ్‌జీఎఫ్23. దాన్ని ముక్కలు కాకుండా కాపాడే గాల్‌ఎన్‌టీ3 జన్యువులో లోపం వల్ల ఈ జబ్బు వస్తుందని 2004లో తేలింది. తల్లిదండ్రులిద్దరి నుంచీ ఆ లోపం వస్తేనే బిడ్డకు జబ్బు. పాతబస్తీలో హిందువులకు మేనరికాలున్నాయి, ముస్లింలకు దగ్గరి చుట్టరికపు నిఖాలున్నాయి. దగ్గరి చుట్టాలైన భార్యాభర్తలిద్దరిలోనూ ఒకే లోపం ఉండే అవకాశం ఎక్కువ. అందుకే ఇక్కడి డాక్టర్లు ఈ జబ్బును మరవకూడదంటాను.

వైద్యం ఓపికతో కూడుకున్నది. తిండిలోని ఫాస్ఫేట్‌ను పేగులోనే పట్టేసే మందులు, మొదట్లో అల్యూమినియం హైడ్రాక్సైడ్, తర్వాత సెవెలమర్, అన్నంతోపాటే వేసుకోవాలి. మూత్రంలో ఫాస్ఫేట్ పోవడానికి ఎసిటజోలమైడ్ ఇస్తారు. ఫలితం అందరికీ ఒకేలా ఉండదు, పూర్తిగా నయమయ్యే మందూ లేదు. పాలు, మాంసం, కూల్‌డ్రింకులు తగ్గించాలి. “భాయ్‌సాబ్, పాయా కూడా బంద్ చేయాలా?” అని ఆ తల్లి అడిగినప్పుడు నా గుండె చివుక్కుమంది. పాయా, మరగ్ లాంటి మాంసం పులుసులు లేని దావత్ ఆ పిల్లవాడికి ఎంత కష్టమో నాకు తెలుసు.

మీ ఇంట్లో ఎవరికైనా కీళ్ల దగ్గర సున్నపు గడ్డ లేస్తే, కోతకు ఒప్పుకునే ముందు ఫాస్ఫేట్, కాల్షియం, క్రియాటినిన్ పరీక్షలు రాయమని డాక్టరుగారిని అడగండి.