మూడో తీగ

ప్యారడైజ్ మెట్రో స్టేషన్ మెట్లు దిగి పార్క్‌లేన్ వైపు తిరిగేసరికి ఎండ నడినెత్తికి వచ్చింది. మా మేనల్లుడి భుజాన లాప్‌టాప్ బ్యాగు, చేతిలో ఒక క్యారీబ్యాగు. అందులో ఉన్నది ఆ లాప్‌టాప్ ఛార్జరే. పిన్నుకు జానెడు దూరంలో తీగను ఎలుక కొరికేసింది. నల్ల తొడుగు ఊడిపోయి రాగి పోగులు బయటపడ్డాయి. పాలిటెక్నిక్ ఆఖరి సంవత్సరం ప్రాజెక్టు రిపోర్టంతా ఆ మెషీన్‌లోనే ఉంది, బ్యాటరీలో మిగిలిందేమో పదకొండు శాతం.

"మామయ్యా, ఆన్‌లైన్లో పెడితే రేపటికల్లా వచ్చేది కదా!"

వచ్చేదే. అయితే వచ్చినదాన్ని మన మెషీన్ ఒప్పుకుంటుందో లేదో పెట్టి చూస్తే గానీ తెలియదు. పాత లాప్‌టాప్‌కి ఛార్జర్ కొనేవాళ్లు మెషీన్‌ను వెంటపెట్టుకుని దుకాణానికి వెళ్లాలన్నది నా గట్టి నమ్మకం. ఫోటో చూపిస్తే సరిపోదు, పిన్ను చూపించినా సరిపోదు.

బోర్డు మీద చెనాయ్ ట్రేడ్ సెంటర్ అని ఉంటుంది గానీ ఊరంతా సీటీసీ అనే అంటుంది. లోపల అడుగు పెట్టగానే ఎండ మాయమై ట్యూబ్‌లైట్ల వెలుగు మొదలవుతుంది. ఇరుకు వరండాలకు రెండు పక్కలా దుకాణాలు. అద్దాల వెనక ర్యాములు, కీబోర్డులు, కట్టలు కట్టి వేలాడదీసిన కేబుళ్లు. ఎక్కడో సోల్డరింగ్ పొగ వాసన. "ల్యాప్‌టాపా సార్? కొనుడా, అమ్ముడా, రిపేరా?" అంటూ ప్రతి గడప నుంచీ పిలుపులు. చాయ్ గ్లాసుల ట్రే పట్టుకున్న కుర్రాడికి దారి ఇవ్వడానికి గోడకు అతుక్కుని నిలబడ్డాం.

మొదటి దుకాణంలో కౌంటర్ మీద లాప్‌టాప్ బోర్లా పెట్టించాను. డెల్ లాటిట్యూడ్ ఈ6430, 2012 నాటి మోడల్. అడుగున ఉన్న లేబుల్ సగం అరిగింది. సెల్‌ఫోన్ లైటు వేసి ఏటవాలుగా చూస్తే అంకెలు తేలాయి: 19.5 వోల్టులు, 4.62 ఆంపియర్లు. రెండూ హెచ్చవేస్తే 90 వాట్లు. ఛార్జర్ ఇటుక మీదా అవే అంకెలు. వాటి పక్కనే చిన్న బొమ్మ, మధ్యలో చుక్క, చుట్టూ తెరిచిన గుండ్రం, చుక్క వైపు ప్లస్, గుండ్రం వైపు మైనస్. పిన్ను లోపలి వైపు పాజిటివ్, బయటి గొట్టం నెగటివ్ అని దాని అర్థం.

"పెద్ద పిన్ను డెల్‌దే కదా అన్నా, ఉంది," అంటూ దుకాణం అబ్బాయి పై అర నుంచి ఒక డబ్బా తీశాడు. కంపెనీ పేరు లేదు. "కంపాటబుల్. ఆరు వందల యాభై. ఆరు నెలలు వారంటీ."

చేతిలోకి తీసుకున్నాను. మా పాతదానికన్నా బాగా తేలిక. ఇది అనుమానించాల్సిన విషయమే గానీ అదొక్కటే రుజువు కాదు, ఈ రోజుల్లో మంచి ఛార్జర్లు కూడా చిన్నవిగా, తేలికగా వస్తున్నాయి. లేబుల్ తిప్పి చూశాను. వోల్టులు, ఆంపులు సరిపోయాయి. భారతీయ ప్రమాణాల సంస్థ గుర్తు, దాని కింద ఆర్ అక్షరంతో మొదలయ్యే ఎనిమిది అంకెల నంబరు ఉండాలి. ఆ నంబరును బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే ఏ తయారీదారుకు ఇచ్చారో తెలుస్తుంది. ఈ డబ్బా మీద గుర్తూ లేదు, నంబరూ లేదు.

"పెట్టి చూడండి సార్, లైటొస్తది," అన్నాడు అబ్బాయి.

వచ్చింది. పిన్ను టక్కున దిగింది, లాప్‌టాప్ మీద లైటు వెలిగింది. మా వాడి ముఖం కూడా. పవర్ బటన్ నొక్కాడు. డెల్ గుర్తు కనిపించి, తెర నల్లబడి, తెల్లటి అక్షరాలు వచ్చాయి. ఏసీ పవర్ అడాప్టర్ రకం తెలియడం లేదు, బ్యాటరీ ఛార్జ్ కాకపోవచ్చు అని ఇంగ్లీషులో హెచ్చరిక.

"ఎఫ్‌వన్ కొట్టండి, పోతది," అన్నాడు అబ్బాయి.

పోయింది, విండోస్ తెరుచుకుంది. మూల బ్యాటరీ బొమ్మ మీద మౌస్ పెడితే: ప్లగ్డ్ ఇన్, నాట్ ఛార్జింగ్. పదకొండు శాతం పదకొండు దగ్గరే నిలబడింది. రిపోర్టు ఫైల్ తెరవడానికి మెషీన్ నానా తంటాలు పడుతోంది.

"బ్యాటరీ పోయింది సార్. కొత్తది వెయ్యాలె."

ఎంతోమంది ఇక్కడే దెబ్బతింటారు. ఛార్జర్ కొనడానికి వచ్చినవాళ్లు బ్యాటరీ కూడా కొని వెళతారు, ఇంటికెళ్లాక అదీ ఛార్జ్ కాదు. నిన్నటిదాకా ఈ బ్యాటరీ రెండు గంటలు నడిచింది. లోపం దానిలో లేదు.

పిన్నును వెలుతురుకు పెట్టి మేనల్లుడికి చూపించాను. 7.4 మిల్లీమీటర్ల గొట్టం. బయటి లోహం నెగటివ్, లోపలి గోడ పాజిటివ్. నట్టనడుమ సన్నటి సూది ఒకటి నిలబడి ఉంటుంది. కరెంటుతో ఆ సూదికి పనిలేదు, అది సమాచారం మోయడానికి. డెల్ ఛార్జర్ లోపల బియ్యపు గింజంత మెమరీ చిప్ ఉంటుంది. పిన్ను పెట్టగానే లాప్‌టాప్ ఆ సూది గుండా నువ్వెవరని అడుగుతుంది. చిప్ వరసగా అక్షరాలు పంపుతుంది: డెల్ అనే పేరు, ఏసీ, తర్వాత 090 అంటే వాట్లు, 195 అంటే పంతొమ్మిదిన్నర వోల్టులు, 046 అంటే దగ్గర దగ్గర నాలుగున్నర ఆంపులు, ఆపైన సీరియల్ నంబరు, చివర లెక్క సరిచూసుకోవడానికి ఇంకొన్ని అంకెలు. ఇదంతా ఆ ఒక్క తీగ మీదే. చిప్‌కు కావలసిన కాస్త కరెంటు కూడా దాని గుండానే అందుతుంది. జవాబు రాకపోతే, తప్పుగా వస్తే లాప్‌టాప్ బ్యాటరీకి కరెంటు ఇవ్వదు, ప్రాసెసర్ వేగం కూడా బాగా తగ్గించేస్తుంది. ఎంత ఇవ్వగలదో చెప్పని ఛార్జర్ మీద పూర్తి బరువు మోపితే అది వేడెక్కి చెడవచ్చు కాబట్టి ఆ జాగ్రత్త.

"అయితే హెచ్‌పీ పిన్ను కూడా ఇలాగే ఉంటుంది కదా మామయ్యా? మా ఫ్రెండ్‌ది సరిగ్గా పట్టింది."

పడుతుంది. ఆ కాలపు హెచ్‌పీ పిన్ను కొలతా అదే, నడుమ సూదీ ఉంటుంది. కానీ హెచ్‌పీ ఆ సూది మీద చూసేది వోల్టేజీని, డెల్‌కు కావలసింది చిప్ పంపే అక్షరాలు. రంధ్రం ఒకటే అయినా ఒకరి పద్ధతి ఇంకొకరికి అర్థం కాదు. పైగా పాత హెచ్‌పీ ఛార్జర్లలో చాలావాటిది 18.5 వోల్టులు. ఎనిమిది రకాల పిన్నులతో డబ్బాలో వచ్చే యూనివర్సల్ ఛార్జర్లతోనూ చాలాసార్లు ఇదే చిక్కు. పక్కన వోల్టేజీ స్విచ్చు ఉన్నవైతే ఇంకా భయం. పొరపాటున ఎవరి చెయ్యో తగిలి 24 మీదకు జరిగితే మదర్‌బోర్డుకే ఎసరు.

సూది లేని కంపెనీల వాళ్లకు ఇంత తలనొప్పి లేదు. ఏసర్, ఆసుస్, తోషిబా పాత మోడళ్లు చాలావరకు 19 వోల్టులే. అక్కడ చూసుకోవలసింది పిన్ను కొలత, ఏసర్‌కు లోపలి రంధ్రం సన్నం, తోషిబాకు వెడల్పు. లెనోవో థింక్‌ప్యాడ్ల సంగతి వేరు, అవి 20 వోల్టులు. 2013 ప్రాంతంలో గుండ్రటి పిన్ను పోయి పసుపు రంగు పలక పిన్ను వచ్చింది.

రెండో దుకాణం వరండా చివర. కంపెనీలు వాడి వదిలేసిన లాప్‌టాప్‌లు లాట్లుగా తెచ్చి అమ్మేవాళ్లది. గోడ పొడవునా పాత ఛార్జర్లు వేలాడుతున్నాయి, ఒక్కోదానికీ రబ్బరుబ్యాండ్. ఓనరు నడివయసు మనిషి. మా ఛార్జర్ చూడగానే, "90 వాట్స్‌ది కదా? 65ది పెడితే ఒప్పుకుంటది కానీ వీడియో పెట్టి ఛార్జింగ్ చేస్తే మెల్లగైతది," అన్నాడు. విన్న వెంటనే నాకు ఆ మనిషి మీద గౌరవం కలిగింది.

గోడ మీంచి దించినవాటిలో ఒకటి మరీ పెద్ద ఇటుక. మా వాడు దాని లేబుల్ చదివాడు. "మామయ్యా, ఇది 6.7 ఆంప్స్. మనది 4.62. ఎక్కువైతే కాలిపోదా?"

"ట్యాంకులో ఎన్ని నీళ్లున్నా కుళాయి తిప్పినంతే వస్తాయిరా. ఆంపులు ఎక్కువుంటే నష్టం లేదు, మెషీన్ తనకు కావలసినంతే లాక్కుంటుంది. తక్కువుంటేనే కష్టం. వోల్టులు మాత్రం సరిగ్గా ఉండాలి."

ఓనరు తల ఊపి, ఆ పెద్దదాన్నే మా లాప్‌టాప్‌కు తగిలించాడు. స్టార్ట్ చేస్తూ ఎఫ్‌టూ నొక్కమన్నాను. సెటప్ తెరలో బ్యాటరీ సమాచారం పేజీ ఉంటుంది, ఏ ఛార్జర్ తగిలించామో అక్కడ వాట్లతో సహా రాసి ఉంటుంది. 130 వాట్లు అని కనిపించింది. అంటే మా లాప్‌టాప్ సాకెట్టు లోపల సూది ఆనే చోటు బాగానే ఉంది, అడగడమూ వినడమూ దానికి తెలుస్తున్నాయి. ఛార్జింగ్ మొదలైంది. పన్నెండు శాతం.

ధర అడగబోతుంటే ఆయన మా ఎలుక కొరికిన ఛార్జర్‌ను చేతిలోకి తీసుకుని ఊపి చూశాడు, చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు, వాసన చూశాడు. లోపల ఏదీ కదలడం లేదు, మాడిన వాసన లేదు.

"తమ్మీ, ఇది పోలే. వైరే పోయింది. పైన రిపేర్ భాయ్ ఉంటడు, మూడు తీగల కేబుల్ వేయించుకో. ఒరిజినల్ ఉండంగ ఇంకోటెందుకు?"

అమ్ముకోగలిగిన వస్తువు చేతిలో ఉండగా ఆ మాట అనడానికి పెద్ద మనసుండాలి. ఆ మార్కెట్‌లో అలాంటివాళ్లు ఉన్నారు కాబట్టే ఇప్పటికీ జనం అక్కడికి వెళుతున్నారు.

పై అంతస్తులో రిపేర్ భాయ్ గది రెండు కుర్చీలకు సరిపోయేంతే. టేబుల్ లైటు కింద ఛార్జర్‌ను పక్కకు పెట్టి, అతుకు మీద కత్తి ఆనించి చిన్న సుత్తితో చుట్టూ తట్టుకుంటూ వెళ్లాడు. ప్లాస్టిక్ టప్పుమని రెండుగా విడింది. లోపల రాగి రేకు తొడుగు, దాని కింద పసుపు టేపు చుట్టిన ట్రాన్స్‌ఫార్మర్, లావుపాటి కెపాసిటర్. మా వాడు వేలు పెట్టబోయాడు.

"ఆగు బేటా!" భాయ్ గొంతు పెరిగింది. గోడ కరెంటు 230 వోల్టులే అయినా లోపల అది డీసీగా మారి ఆ కెపాసిటర్‌లో 325 వోల్టులకు పైనే నిలుస్తుంది. ప్లగ్గు తీసేసినా కాసేపు అందులో ఉండిపోతుంది. భాయ్ రెసిస్టర్ కాళ్లు రెండూ దానికి ఆనించి ఖాళీ చేశాడు, మీటరు పెట్టి సున్నా చూశాకే చేయి పెట్టాడు. ఈ పని ఇంట్లో ఎవరూ చేయకూడదు.

పాత తీగ తీసేశాడు. కొత్త కేబుల్ కొస చెక్కితే మూడు పొరలు: బయట అల్లిక తీగ నెగటివ్, లోపల లావుపాటిది పాజిటివ్, ఇంకా లోపల ఎర్రటి సన్న తీగ ఒకటి. దాని రాగి పోగులు లెక్కపెట్టగలిగినన్నే. "ఇది మరిచిపోతే లైటొస్తది, ఛార్జింగ్ రాదు. శానామంది దీన్ని కట్ చేసి వదిలేస్తరు," అన్నాడు భాయ్. బోర్డు అంచున చిన్న ఐడీ చిప్, దాని పక్కన ఆ తీగకు చోటు. సీసం బొట్టు మెరిసి గడ్డకట్టింది. మీటరు ఎర్ర మొనను పిన్ను లోపలి గోడకు, నల్లదాన్ని బయటి గొట్టానికి ఆనించాడు, నడుమ సూదికి తగలకుండా. లోపలి గోడా సూదీ కలిస్తే 19.5 వోల్టులు నేరుగా చిప్ మీద పడి అది కాలిపోవచ్చు. మీటరులో 19.6. మూత పెట్టి అంటించాడు.

ఎఫ్‌టూ. 90 వాట్లు. విండోస్‌లో రిపోర్టు తెరిచాం, పక్కన వీడియో నడిపించాం. పిన్నును అటూ ఇటూ కదిపినా లైటు ఆరలేదు. చాయ్ తాగేంతసేపు ఆగి ఇటుక మీద అరచేయి పెట్టి చూశాను, వెచ్చగా ఉంది, చేయి తీసేయాల్సినంత వేడి లేదు. లాప్‌టాప్ అంచు ముట్టుకుంటే మాత్రం వేలు జివ్వుమంది. భాయ్ తన స్విచ్‌బోర్డు వైపు చూపించాడు. మూడు పిన్నుల ప్లగ్గు తగిలించింది ఎర్త్ లేని ఎక్స్‌టెన్షన్‌కి. గోడ సాకెట్టుకు మార్చగానే ఆ జివ్వు పోయింది. ఇంట్లో రెండు పిన్నుల కన్వర్టర్ వాడొద్దని మా వాడికి చెప్పాను.

కొత్త లాప్‌టాప్‌లకు ఈ తిరుగుడు తగ్గుతోంది. టైప్-సీ ఛార్జర్ ఎంత ఇవ్వగలదో చెప్పే పద్ధతి అన్ని కంపెనీలకూ ఒకటే, ఐరోపా సమాఖ్య దేశాల్లో లాప్‌టాప్‌లకు కూడా 2026 ఏప్రిల్ 28 నుంచి అది తప్పనిసరి. మా చేతిలో ఉన్నది మాత్రం 2012 నాటిది, దానికి దాని పిన్నే కావాలి.

"ఎంత భాయ్?"

"మూడు వందలు ఇవ్వండి. కేబుల్‌కు నెల గ్యారంటీ." మా వాడు ఛార్జర్‌ను బిగించి చుడుతుంటే భాయ్ లాక్కుని మళ్లీ విప్పాడు. "అట్ల కాదు బేటా. ఇటుక కాడ వైరు మలవొద్దు. కొంచెం లూజు వదిలి తర్వాత చుట్టు. మళ్లా ఎలుకలుంటే పైన పెట్టు, కింద పెట్టకు." అప్పటికే గుమ్మంలో ఇంకొకరు ఛార్జర్ పట్టుకుని నిలబడి ఉన్నారు. లాప్‌టాప్ తెచ్చారా అని ఆయన్ని అడుగుతున్నాడు భాయ్.