బడిలో ఒక గంట: న్యూజిలాండ్‌లో అతిథి టీచరుగా వెళ్ళాలంటే

"నాన్నా, నువ్వు మా క్లాసుకి రావద్దు. నీ ఇంగ్లీషు వేరేగా ఉంటుంది."

రెండేళ్ళ క్రితం మా ఏడేళ్ళ అమ్మాయి అన్న మాట ఇది. తల్లిదండ్రులు వీలైతే వచ్చి తాము చేసే పని గురించి పిల్లలకు చెప్పమని వాళ్ళ టీచరు అందరికీ ఉత్తరం పంపారు. ఇక్కడే ఇంజనీరింగ్‌లో మాస్టర్స్ చేసి, పదేళ్ళుగా సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నా ఆ మాటకు నా దగ్గర జవాబు లేకపోయింది. అయినా వెళ్ళాను, ఇరవై ఎనిమిది స్లైడ్లు పట్టుకుని మరీ! నాలుగో స్లైడుకే పిల్లలు బూట్ల లేసులు ముడి వేసుకోవడంలో మునిగిపోయారు. మా అమ్మాయి తల ఎత్తలేదు. తప్పు నా యాసది కాదు, నా పాఠానిది అని ఇంటికొచ్చాక అర్థమైంది. ఆ తర్వాత నేర్చుకున్న సంగతులు మనవాళ్ళకి పనికొస్తాయని ఈ వ్యాసం రాస్తున్నాను.

ఎవరిని అడగాలి?

ఇక్కడ 1989 నుంచి ప్రతి ప్రభుత్వ బడినీ తల్లిదండ్రులు ఎన్నుకునే బోర్డు నడుపుతోంది. రోజువారీ వ్యవహారాలు ప్రిన్సిపాల్ చూస్తారు. కాబట్టి పై అధికారుల అనుమతుల కోసం తిరగనక్కర్లేదు. క్లాసు టీచరుకి నాలుగు వాక్యాల ఈమెయిల్ చాలు: మీరెవరు, ఏం చెప్పగలరు, ఎంతసేపు, ఏ రోజుల్లో వీలవుతుంది. మీ పిల్లలు చదివే బడే కానక్కర్లేదు, పిల్లలు లేనివారూ అడగవచ్చు.

బడికి ఏడాదిలో నాలుగు టర్ములు. టర్ము మొదటి వారం, చివరి వారం హడావుడిగా ఉంటాయి, మధ్యలో అడగండి. 2024 నుంచి ఎనిమిదో ఇయర్ దాకా చదవడం, రాయడం, లెక్కలు రోజుకు సగటున గంట చొప్పున నేర్పాలన్న నియమం వచ్చింది. చాలా క్లాసుల్లో ఉదయం వాటికే పోతుంది కాబట్టి మధ్యాహ్నం రెండు గంటల వేళ మీకు చోటు దొరికే అవకాశం ఎక్కువ. ఉద్యోగస్తులకు స్వచ్ఛంద సేవ కోసం చట్టప్రకారం సెలవంటూ లేదు. కొన్ని కంపెనీలు మాత్రం ఏడాదికి ఒకటి రెండు రోజులు జీతంతో ఇస్తాయి. మీ హెచ్.ఆర్. వారిని అడిగి చూడండి.

చట్టం ఏమంటుంది?

జీతం తీసుకుని టీచరుగా పనిచేయాలంటే టీచింగ్ కౌన్సిల్ ఇచ్చే ప్రాక్టీసింగ్ సర్టిఫికెట్ గానీ, ప్రత్యేక నైపుణ్యం ఉన్నవారికిచ్చే 'లిమిటెడ్ అథారిటీ టు టీచ్' గానీ ఉండాలి. అతిథిగా వెళ్ళేవారికి ఇవి అక్కర్లేదు, ఎందుకంటే క్లాసు బాధ్యత టీచరుదే. టీచరు గదిలోనే ఉంటారు. ఉండకపోతే ఉండమని మీరే అడగండి.

పోలీస్ వెటింగ్ సంగతి. 2020 నాటి ఎడ్యుకేషన్ అండ్ ట్రైనింగ్ చట్టం ప్రకారం బడిలో పనిచేసే టీచర్లు కాని ఉద్యోగులకు, బడి వేళల్లో క్రమంగా వచ్చే కాంట్రాక్టర్లకు ఇది తప్పనిసరి. జీతం లేని వాలంటీర్ల విషయంలో చట్టం అంత పట్టుబట్టదు గానీ, పదే పదే వచ్చేవారిని చాలా బడులు వెటింగ్ అడుగుతాయి. దీనికి మీ అంతట మీరు దరఖాస్తు పెట్టలేరు. మీ సమ్మతి, గుర్తింపు పత్రాలు తీసుకుని బడే పంపుతుంది. అడిగితే అనుమానిస్తున్నారని చిన్నబుచ్చుకోవద్దు. రేపు మన పిల్లల క్లాసుకి వచ్చే కొత్తవారినీ అలాగే అడుగుతారు.

ఏం చెప్పాలి?

డిజిటల్ టెక్నాలజీ పాఠ్యాంశం 2017లో కరికులంలోకి వచ్చింది, 2020 మొదటి నుంచి అన్ని బడుల్లో చెప్పాలన్నారు. అప్పటిదాకా ఆ పాఠం చెప్పని టీచర్లకు ఇది కొత్త బరువు. మన సాఫ్ట్‌వేర్ వాళ్ళ అవసరం పడేది ఇక్కడే.

ఈ దేశంలోనే దీనికి గొప్ప ఉదాహరణ ఉంది. క్రైస్ట్‌చర్చ్‌లోని కాంటర్‌బరీ యూనివర్సిటీ ప్రొఫెసర్ టిమ్ బెల్, వైకాటో యూనివర్సిటీకి చెందిన ఇయాన్ విట్టెన్, అమెరికన్ శాస్త్రవేత్త మైక్ ఫెలోస్ కలిసి కంప్యూటరే లేకుండా కంప్యూటర్ సైన్స్ నేర్పే ఆటలు తయారుచేశారు. 1990లలో బడి పిల్లల ముందు ఆడించి చూసినవే 1998లో 'కంప్యూటర్ సైన్స్ అన్‌ప్లగ్డ్' అనే పుస్తకమయ్యాయి. ఇవి ఉచితంగా దొరుకుతాయి, చాలా భాషల్లోకి వెళ్ళాయి.

నా రెండో పాఠం అందులోంచే తీసుకున్నాను. అయిదు కార్డుల మీద 16, 8, 4, 2, 1 చుక్కలు. కార్డు తెరిస్తే ఒకటి, మూస్తే సున్నా. వీటితో 0 నుంచి 31 దాకా ఏ అంకెనైనా చూపించవచ్చు. నెలలో రోజులు 31కి మించవు కదా, ప్రతివాళ్ళూ తమ పుట్టినరోజు తేదీ చూపించారు. 19 అంటే 16, 2, 1 తెరవాలి. తర్వాత ఇంట్లోని అష్టాచెమ్మా గవ్వలు నాలుగు తీశాను. ఆటలో వెల్లకిలా పడ్డవాటిని లెక్కపెడతాం కాబట్టి ఒకటి, రెండు, మూడు, చెమ్మా, అష్టా - అయిదే ఫలితాలు. కానీ ఏ గవ్వ ఏ స్థానంలో ఉందో కూడా లెక్కలోకి తీసుకుంటే పదహారు రకాలు! స్థానానికి విలువ ఇవ్వడమంటే ఏమిటో పిల్లలకి గవ్వలతోనే తెలిసిపోయింది.

సంస్థల ద్వారా వెళ్ళాలంటే

ఒంటరిగా వెళ్ళడానికి మొహమాటపడేవారికి ఇంకో దారి ఉంది. ఇక్కడి ఇంజనీర్ల సంఘం 2003లో 'ఫ్యూచర్‌ఇన్‌టెక్' పేరిట ఉద్యోగాల్లో ఉన్న ఇంజనీర్లను, శాస్త్రజ్ఞులను అంబాసిడర్లుగా బడులకు పంపడం మొదలుపెట్టింది. ఆ సంఘమే 'ఇంజనీరింగ్ న్యూజిలాండ్' అని పేరు మార్చుకున్నాక 2018లో 'వండర్ ప్రాజెక్ట్' తెచ్చింది. అందులో పిల్లలు నీటితో ఎగిరే రాకెట్లు కట్టారు. ఆ ఏడాదిలో ఏ కార్యక్రమాలు నడుస్తున్నాయో సంఘం వారినే అడగడం మంచిది.

క్లాసులో కొన్ని జాగ్రత్తలు

1. మొదట 'కియా ఓరా' అని పలకరించండి. మావోరీ పద్ధతిలో తమ కొండను, నదిని చెప్పి ఆ తర్వాత పేరు చెప్పుకుంటారు. నేను గోదావరి గురించి చెప్పాను, పిల్లలు మ్యాపులో వెతికారు.
2. చిన్న పిల్లలైతే ఏకబిగిన పది నిమిషాలకు మించి మాట్లాడొద్దు. మిగతాది వాళ్ళ చేతులకి పని.
3. ఫొటోలు తీయకండి. ఒక్క పిల్లవాడితో విడిగా ఉండకండి.
4. మిఠాయిలు తీసుకెళ్ళొద్దు. జీడిపప్పు, వేరుశెనగ పడని పిల్లలుంటారు.
5. ర్యాంకులు, జీతాలు, కంపెనీ గొప్పలు వద్దు.
6. మీ యాస గురించి బెంగపడకండి. నెమ్మదిగా మాట్లాడండి, అర్థం కాకపోతే ఆపి అడగమని ముందే చెప్పండి. నన్ను రెండుసార్లు ఆపారు, అంతే.

మన సంఘం పండుగలకి ఎంత కష్టపడతామో మనకు తెలుసు. అందులో ఒక్క మధ్యాహ్నం పక్కనున్న బడికి ఇస్తే, మన పిల్లల స్నేహితులకి మనం ముఖాలుగా, పేర్లుగా తెలుస్తాం. మన పిల్లలకి కావలసింది కూడా అదే.

మా అమ్మాయి నా ఇంగ్లీషు బాగుందని ఇప్పటికీ అనలేదు. కానీ ఆ సోమవారం ఉదయం అష్టాచెమ్మా గవ్వలు కనబడలేదు. వెతికితే బడి సంచిలో ఉన్నాయి.